బడిపల్లు

2004 జూన్ మొదటి వారంలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం డివిజన్‌లోని ఒక ముప్పై పడకల ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇందులో జరిగిన తప్పు నాది, ఆసుపత్రిది కాదు. నా హోదా డెంటల్ అసిస్టెంట్ సర్జన్. అంటే కాగితాల మీద మిగతా అసిస్టెంట్ సర్జన్లతో సమానం, వరండాలో మాత్రం వాళ్ళకంటే అరమెట్టు కింద. సూపరింటెండెంట్ గారు నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "డాక్టరు గారు" అని, ఒక్క క్షణం ఆగి, "పళ్ళ డాక్టరు" అని సవరించేవారు. ఆయనకు చెడు ఉద్దేశమేమీ లేదు. వచ్చినవాళ్ళు జ్వరానికి మందు రాయమంటారేమోనని ఆయన భయం.

నా గది ఎక్స్‌రే గది పక్కన ఉండేది. అందులో ఒక డెంటల్ కుర్చీ, ఒక కంప్రెసర్, మరిగించి శుభ్రం చేసే స్టెరిలైజర్, అద్దాల బీరువాలో వరసగా ఫోర్సెప్స్. పన్ను తీసే పట్కార్లను మేము ఫోర్సెప్స్ అంటాం, పై వరసకు ఒక రకం, కింది వరసకు ఒక రకం, పిల్లలకు చిన్నవి. కుర్చీ పైకి లేచేది కాదు, నేనే వంగేదాన్ని. డ్రిల్లు తిరగాలంటే కంప్రెసర్‌కు నిలకడైన కరెంటు కావాలి. అక్కడ వోల్టేజీ మధ్యాహ్నం దాకా బల్బుకే చాలేది కాదు. పన్ను తీయడానికి మాత్రం కరెంటు అక్కర్లేదు. అందుకని నా ముందు పనిచేసినవారు ఎక్కువగా పళ్ళు తీశారు. నేనూ అదే మొదలుపెట్టాను.

వచ్చేవాళ్ళలో పిల్లలు తక్కువ. తల్లులు పెద్దవాళ్ళ పంటినొప్పికి వచ్చి, పక్కన ఉన్న పిల్లవాడి నోరు నల్లగా పుచ్చి ఉన్నా పట్టించుకునేవారు కాదు. అడిగితే "పాలపండ్లే గదమ్మా, ఊడిపోయేటియే" అనేవారు. నేను బల్ల మీద ఉన్న ప్లాస్టర్ దవడ తీసి పాఠం చెప్పేదాన్ని. పాలపన్ను కింద అసలు పన్ను మొలక ఉంటుందని, పాలపన్ను పుచ్చి చీము పడితే కింది మొలకకు కూడా దెబ్బేనని, పాలపన్ను తన సమయం వచ్చేదాకా ఉండి చోటు పట్టి ఉంచాలని. వాళ్ళు మర్యాదగా వినేవారు. వింటున్నంత సేపూ ప్లాస్టర్ దవడకు కండ లేకపోవడమే చూసేవారని నా అనుమానం.

స్టాఫ్ నర్సు గ్రేసమ్మ లేకపోతే ఆ పాఠం కూడా సగం మందికి చేరేది కాదు. ఆమెది టేకులపల్లి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ ఆసుపత్రికి అంకితమైన మనిషి. గూడేల నుంచి వచ్చేవాళ్ళతో కోయ భాషలో మాట్లాడగలిగేది. నాది మధిర వైపు. నా తెలుగే అక్కడ కొందరికి రేడియోలో వచ్చినట్టు ఉండేది.

జూన్ రెండో వారంలో, బడులు తెరిచిన మూడు రోజులకు, భీమయ్య అనే ఆయన తన కొడుకును తీసుకొచ్చాడు. వాళ్ళది చర్ల దారిలో లోపలికున్న గూడెం. పిల్లవాడి పేరు నాగేశు. అయిదేళ్ళుంటాయని నేననుకున్నాను. "కింద ముందటి రెండు పండ్లు కదుల్తున్నయ్ డాక్టరమ్మా, నొప్పి అంటుండు, తినలేకపోతుండు, పీకున్రి" అన్నాడు తండ్రి. వేలితో పట్టి చూశాను. కొద్దిగా కదలిక ఉన్నట్టే అనిపించింది. కదలికను మేము మూడు గ్రేడులుగా రాస్తాం, ఇది మొదటి గ్రేడు కూడా పూర్తిగా కాదు. గది బయట పదిహేను మంది ఉన్నారు. మత్తు సూది ఇచ్చి రెండూ తీశాను. పిల్లవాడు రెండు పిడికిళ్ళూ బిగించి కూర్చున్నాడు, ఒక్కసారి కూడా ఏడవలేదు.

తీసిన పన్ను ట్రేలో వేసినప్పుడు నా చెయ్యి కాస్త ఆగింది. తన సమయం వచ్చి ఊడే పాలపన్నుకు వేరు ఉండదు. కింది నుంచి అసలు పన్ను వస్తూ ఆ వేరును కరిగించేస్తుంది. అందుకే పిల్లలు నాలుకతో తోసి ఊడగొట్టుకోగలుగుతారు. ఈ రెండింటికీ వేర్లు దాదాపు పూర్తిగా ఉన్నాయి, పచ్చి కొమ్మ విరిచినట్టు. నాకు అది తెలిసింది. తెలిసినా తర్వాతి పేషెంటును పిలిచాను. రిజిస్టర్‌లో కారణం అన్న గడిలో "కదలిక" అని రాశాను.

రెండు రోజుల తర్వాత ఇంకో తండ్రి, ఒక ఆడపిల్ల. అవే రెండు పళ్ళు, అదే మాట. మర్నాడు మరో పిల్లవాడు. మూడుసార్లూ తీశాను. మూడుసార్లూ రిజిస్టర్‌లో నా చేతిరాతతో "కదలిక" అనే ఉంది. నాలుగో బిడ్డను తల్లి కుర్చీలో కూర్చోబెడుతుండగా గ్రేసమ్మ నా చెవి దగ్గరకు వచ్చి, "మేడం, గీ వారం అందరూ గవే రెండు పండ్లు అడుగుతున్నరు. ఒక్కరికన్న పై పల్లు కదుల్తలేదు. జర ఆగున్రి, నేనడుగుత" అంది.

ఆ తల్లితో కోయ భాషలో రెండు మాటలు మాట్లాడింది. ఆ తల్లి దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకు తోచినట్టు కూడా లేదు. ఆ దారిలో ఉన్న ఆశ్రమ పాఠశాలలో, అంటే గిరిజన పిల్లలకు హాస్టలూ తిండీ చదువూ కలిపి ఇచ్చే సర్కారు బడిలో, ఒకటో తరగతికి పిల్లల్ని చేర్చుకుంటున్నారు. ఆరేళ్ళు నిండాలి. గూడేల్లో పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరా లేదు. అందుకని హెడ్మాస్టరు పిల్లవాణ్ణి నోరు తెరవమని, కింది ముందు పళ్ళు ఊడి ఉంటే చేర్చుకుంటున్నాడు, లేకపోతే వచ్చే ఏడు రమ్మంటున్నాడు. పళ్ళు ఊడేదాకా ఆగడానికి వీళ్ళకు ఓపిక లేదు. పళ్ళు తీసే దవాఖానా ఉండనే ఉంది.

గ్రేసమ్మ నవ్వబోయి, నా ముఖం చూసి మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తల్లి మీద, హెడ్మాస్టరు మీద, అంతకంటే ఎక్కువగా నా మీద. వేరు చూసిన రోజునే ఆగి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఒక పిల్లవాడితో ఆగిపోయేది. నాకు ఒక చెడ్డ గుణం ఉంది. నా తప్పు నాకు తెలిసినప్పుడు దాన్ని సరిదిద్దడం కంటే ముందు గట్టిగా మాట్లాడడం మొదలుపెడతాను. ఆ మధ్యాహ్నం అట్ట మీద "పిల్లల ముందు పాలపళ్ళు తీయబడవు" అని పెద్దక్షరాలతో రాసి తలుపుకు తగిలించాను. చదవగలిగిన వాళ్ళు ఎందరుంటారన్న ఆలోచన కూడా చేయలేదు.

తర్వాతి సోమవారం గ్రేసమ్మ సెలవులో ఉంది. ఆ రోజు ముత్తయ్య అనే మనిషి వచ్చాడు. వాళ్ళ ఊరు చర్లకు అవతల, రాష్ట్ర సరిహద్దుకు దగ్గర. తెల్లవారకముందే బయలుదేరి రోడ్డు దాకా నడిచి, జీపు పట్టుకుని వచ్చారని తర్వాత తెలిసింది. అతని వెనక ఒక పాప. సన్నగా, ఎత్తు తక్కువగా ఉంది. ముత్తయ్య తన కింది పెదవి కిందికి లాగి, ముందు రెండు పళ్ళు వేలితో చూపించి, "గీ పండ్లు తియ్యాలె డాక్టరమ్మా, పిల్లకు" అన్నాడు.

నేను అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. అట్ట చూపించి, పళ్ళు పీకి వయసు పెంచే పని ఇక్కడ జరగదని, పిల్లకు ఈడు వచ్చినప్పుడు అవే ఊడతాయని చెప్పాను. "ఒక్కపారి నోట్లె సూడున్రి" అన్నాడు. "చూసేదేమీ లేదు" అన్నాను.  అతను పాప చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. వాదించి ఉంటే బాగుండేది. ఆ చుట్టుపక్కల గూడేల వాళ్ళు సర్కారు మనిషితో వాదించడం నేను చూడలేదు. లేచి వెళ్ళిపోతారు, మనం గెలిచామనుకుంటాం.

ఆ వారంలోనే సూపరింటెండెంట్ గారికి విషయం చెప్పాను. నేను పళ్ళు తీసిన సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హెడ్మాస్టరుకు ఉత్తరం రాస్తే అది వాళ్ళ శాఖలో పై ఆఫీసుకు వెళ్ళి పాపం ఆయన ఉద్యోగం మీదికి వస్తుందని, చర్ల వైపు స్కూల్ హెల్త్ టూరు ఎలాగూ ఉంది కాబట్టి ఆ జీపులో వెళ్ళి ఎదురుగా మాట్లాడి రమ్మని సలహా ఇచ్చారు. స్కూల్ హెల్త్ అంటే బడి పిల్లలకు ఏడాదికోసారి చేసే పరీక్ష. సాధారణంగా పళ్ళ డాక్టరును అందులో ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆసారి నేనే జీపెక్కి కూర్చున్నాను, గ్రేసమ్మను కూడా ఎక్కించుకున్నాను.

మేము వెళ్ళింది జూన్ ఆఖరి రోజుల్లో. ఒకటో తరగతి చేర్పులకు అదే చివరి రోజని అక్కడికి వెళ్ళాక తెలిసింది. రేకుల కప్పు, పొడుగాటి వరండా, ఒక పక్క వంటశాల. వరండాలో తల్లిదండ్రులు పిల్లలతో బారులు తీరి కూర్చున్నారు. హెడ్మాస్టరు వీరభద్రం గారికి యాభై దాటి ఉంటాయి. నేను ఆయన్ని కడిగేయాలని దారంతా వాక్యాలు కూర్చుకుని వెళ్ళాను. ఆయన కుర్చీ వేయించి, టీ తెప్పించి, నేను చెప్పేది విని, తన సంగతి చెప్పడం మొదలుపెట్టేసరికి నా వాక్యాలు సగం పనికిరాకుండా పోయాయి.

అంతకు రెండేళ్ళ ముందు దాకా, తెచ్చిన తల్లిదండ్రుల మాట నమ్మి ఆయన పిల్లల్ని చేర్చుకునేవాడు. మూడేళ్ళు, నాలుగేళ్ళ పిల్లల్ని తెచ్చి ఆరేళ్ళని చెప్పేవారు. ఇంట్లో పూట గడవక, ఇక్కడైతే రెండు పూటలా అన్నం ఉంటుందని. ఆ పిల్లలు పక్కలు తడిపేవారు, తల్లి కోసం ఏడ్చేవారు. ఒక నాలుగేళ్ళ పిల్లవాడు వర్షాకాలంలో బడి దాటి ఇంటిదారి పట్టాడు. అడవిలో మర్నాడు మధ్యాహ్నానికి దొరికాడు. "దొరికిండు కాబట్టి నేనిట్ల కూసొని మీతోని మాట్లాడుతున్న మేడం" అన్నాడాయన. అప్పటినుంచి నోట్లో చూడడం మొదలుపెట్టాడు. చెయ్యి తల మీదుగా అవతలి చెవికి అందడం చూసేవాడు కాని, పిల్లలకు దాన్ని కూడా ఇంట్లో సాధన చేయిస్తున్నారట. "మనుషులు ఏదన్న చెప్తరు. పండ్లయితే అబద్ధం చెప్పయి గద" అన్నాడు.

నేను నా సంచిలోంచి రిజిస్టర్ ప్రతి తీసి మూడు పేర్లు చూపించాను. ఈ ముగ్గురూ మీ దగ్గర చేరారా అని అడిగాను. ముగ్గురూ చేరారు. ఈ ముగ్గురి పళ్ళూ ఊడలేదని, నేను తీశానని చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఉన్న పన్ను అబద్ధం చెప్పదు సార్. లేని పన్ను చెబుతుంది" అన్నాను. పీకించుకుని వచ్చి ఊడిందని చెప్పవచ్చు. కాని రాని పన్నును వచ్చిందని చూపించడం ఎవరి తరమూ కాదు. మీరు చూడాల్సింది ముందు కాదు, వెనక అని చెప్పాను.

పిల్లల నోట్లో ఒక్కో వైపు నడిమధ్య నుంచి వెనక్కి లెక్కపెడితే అయిదు పాలపళ్ళు ఉంటాయి. ఆరో స్థానంలో, పాలపళ్ళన్నిటి వెనక, సుమారు ఆరేళ్ళ ఈడులో ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. మేము దాన్ని ఆరేళ్ళ దవడ పన్ను అనే అంటాం. అది ఏ పాలపన్నూ ఊడకుండానే, ఖాళీ చిగురులోంచి పుట్టుకొస్తుంది. అందుకని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా పాలపన్నే అనుకుంటారు. కొందరికి అయిదున్నరకే రావచ్చు, కొందరికి ఏడు దాటవచ్చు, తిండి సరిగా లేని పిల్లలకు ఆలస్యమూ కావచ్చు. కాబట్టి అది పుట్టిన తేదీ కాగితం కాదు, ముందు పళ్ళకంటే కాస్త నిజాయితీ గల సాక్షి, అంతే. ఆయన పిల్లల్ని పిలిపించి, ఒక చెంచా కాడ కడిగించి, టార్చిలైటు తెచ్చుకుని నేర్చుకోవడానికి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేసిన మనిషి అంత శ్రద్ధగా విద్యార్థి కాగలగడం చూసి నాకు ఆయన మీద గౌరవం పుట్టింది.

మూడో పిల్లో నాలుగో పిల్లో చూస్తుండగా వరండా చివర ముత్తయ్య కనిపించాడు. అదే పాప, పేరు లచ్చి. నన్ను చూసి అతను తల తిప్పుకున్నాడు. హెడ్మాస్టరు కూడా వాళ్ళను గుర్తుపట్టాడు. "ఈ పిల్లను రెండేండ్ల సంది తెస్తుండు మేడం. పండ్లు ఊడనే లేవు. మొన్న కూడా పంపిచ్చిన" అన్నాడు. నేను లేచి వెళ్ళాను. పాపను వరండా అంచుకు, ఎండ పడే చోటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. ఆమె తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు.

ముందు నుంచి చూస్తే కింది పాలపళ్ళు నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. చిన్న అద్దం పెట్టి వెనక చూశాను. వాటి వెనక, నాలుక వైపు, మరో వరస ఉంది. రెండు అసలు పళ్ళు, వెడల్పుగా, అంచులు రంపంలా గరుకుగా, పూర్తిగా పైకి వచ్చి ఉన్నాయి. కొందరు పిల్లల్లో ఇలా జరుగుతుంది. అసలు పన్ను పాలపన్ను కిందికి రాక వెనక నుంచి వస్తుంది, వేరు సరిగా కరగక పాలపన్ను అలాగే నిలబడిపోతుంది. రెండు వరసలైపోతాయి. చికిత్స ఏమిటంటే, ముందున్న పాలపళ్ళు తీసేయడమే. నాలుగు మూలలా ఆరేళ్ళ దవడ పళ్ళు కూడా ఉన్నాయి, ఒకదానికి అప్పుడే గుంట పడింది. అంటే ఆ నెలలో పాలపళ్ళు తీయమని వచ్చిన పిల్లలందరిలో నిజంగా తీయాల్సిన పళ్ళు ఈమెవి. వారం కిందట నేను చూడను పొమ్మన్నది ఈమె ఒక్కదాన్నే. 

గ్రేసమ్మ ముత్తయ్యను పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగింది. అతను సంవత్సరం చెప్పలేదు, పోడు లెక్క చెప్పాడు. వాగు అవతల చెలక నరికిన ఏడు పుట్టింది. ఆ చెలక మూడు పంటలు ఇచ్చింది, వదిలేశారు. తర్వాత గుట్ట వార చెలక మూడు పంటలు. ఇప్పుడున్న చెలకలో రెండు పంటలు తీశారు, మూడోదానికి విత్తనం వేయాలి. గ్రేసమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఎనిమిది నిండినయ్ మేడం" అంది. హెడ్మాస్టరు కూడా లెక్కపెట్టాడు. రెండేళ్ళ కిందట ఇదే లెక్క అడిగి ఉంటే సరిపోయేదని ఆయనకు తోచిందో లేదో నాకు తెలియదు. నాకు తోచింది.

కాని ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఒకటో తరగతికి ఈడు తక్కువైనా చేర్చుకోకూడదు, మరీ మించినా చేర్చుకోకూడదు. ఎనిమిది దాటిందని రాస్తే ఈ ఏడే కష్టం, వచ్చే ఏడు అసలే కుదరదు. రెండేళ్ళు పళ్ళు ఊడలేదని తిప్పి పంపిన పిల్లను ఇప్పుడు ఈడు మించిందని తిప్పి పంపాలి. ముత్తయ్యకు ఇదంతా అర్థమైంది. అప్పటిదాకా మాట్లాడని మనిషి హెడ్మాస్టరుతో, "సార్, సిన్నదున్నప్పుడు సిన్నదంటిరి. ఇప్పుడు పెద్దదంటరు. ఎప్పుడు తేవాలె మరి నేను?" అన్నాడు. గొంతు పెంచలేదు. వరండాలో ఉన్నవాళ్ళంతా వింటున్నారు.

హెడ్మాస్టరు కాసేపు కలం మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. తర్వాత నన్ను ఒక కాగితం అడిగాడు. వయసు రాయవద్దు, చూసినది మాత్రం రాయమన్నాడు. నేను అలాగే రాశాను. కింది అసలు ముందు పళ్ళు రెండు వచ్చి ఉన్నాయి, పాలపళ్ళు నిలిచిపోవడం వల్ల ముందు నుంచి కనబడవు, ఆరేళ్ళ దవడ పళ్ళు నాలుగూ వచ్చి ఉన్నాయి, అంతకుముందు పరీక్ష లేకుండా తిప్పి పంపడమైనది. ఆ చివరి వాక్యంలో తిప్పి పంపింది ఎవరో రాయలేదు, అది మా ఇద్దరికీ చెందుతుంది. ఆయన దాన్ని చేర్పు రిజిస్టర్‌కు పిన్ను పెట్టి, పక్కన "ఆలస్యం పాఠశాల వల్ల, పిల్ల వల్ల కాదు" అని తన చేత్తో రాసి సంతకం చేశాడు. పై ఆఫీసువాళ్ళు అడిగితే నేనే జవాబు చెప్పుకుంటానన్నాడు. లచ్చి పేరు ఎక్కింది. నాకు తెలిసినంతలో ఎవరూ అడగలేదు.

జులైలో వార్డెన్‌తో పాటు లచ్చిని ఆసుపత్రికి పంపారు, కబురంది ముత్తయ్య కూడా వచ్చాడు. ముందు పాలపళ్ళు రెండూ తీశాను. ఈసారి వేర్లు సగం కరిగి ఉన్నాయి, సూది కూడా అక్కర్లేకపోయింది, చిగురుకు మత్తు జెల్ రాస్తే సరిపోయింది. గుంట పడిన దవడ పన్నును డ్రిల్లు లేకుండానే చిన్న చెంచా లాంటి పనిముట్టుతో మెత్తబడిన భాగం తోడి, సిమెంటుతో నింపాను. ఈ పద్ధతికి కరెంటు అవసరం లేదు. ఏడాదిగా నా బీరువాలో ఆ సిమెంటు డబ్బాలు ఉన్నాయని, నా ముందువారూ నేనూ వాటిని ముట్టుకోలేదని అప్పుడు చూశాను. ముత్తయ్య ఆ రెండు పళ్ళు అడిగి ఆకులో చుట్టుకుని తీసుకెళ్ళాడు, ఇంటి కప్పు మీద వేయాలని.

ఇక్కడితో ఆపితే ఈ సంగతి నాకు గౌరవంగా ఉండేది. కాని ఆ ముగ్గురు పిల్లలున్నారు. హెడ్మాస్టరు వాళ్ళ నోళ్ళు మళ్ళీ చూశాడు. ఇద్దరికి వెనక పన్ను మొన కనిపిస్తోంది, వాళ్ళు అక్కడ కుదురుకున్నారు కూడా, ఉంచేశాడు. నాగేశుకు ఏ మూలా ఏమీ లేదు. రోజూ ఏడుస్తున్నాడు, అన్నం తినడం లేదు. ఇంటికి పంపేశాడు. అది సరైన పనే. వారం తిరక్కుండానే భీమయ్య నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "పల్లు పాయె, సీటు పాయె డాక్టరమ్మా" అన్నాడు.

అబద్ధం చెప్పింది నువ్వే కదా అని అనవచ్చు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. కాని కదలిక ఉందని అతను చెప్పాడు, రిజిస్టర్‌లో రాసింది నేను. చూసి చెప్పడానికి జీతం తీసుకునేది అతను కాదు. తప్పు నాదేనని చెప్పాను. అసలు పళ్ళు వస్తాయని, ఇంత ముందుగా తీయడం వల్ల కాస్త ఆలస్యంగా రావచ్చని, మూడు నెలలకోసారి పిల్లవాణ్ణి తీసుకొస్తే చోటు మూసుకుపోకుండా చూస్తానని చెప్పాను. వస్తాడని అనుకోలేదు. వచ్చాడు. రెండేళ్ళ పాటు, వాగు పొంగిన నెలలు తప్ప, ప్రతిసారీ వచ్చాడు. రెండో ఏడు జూన్‌లో ఆరేళ్ళ దవడ పళ్ళు కింద రెండూ వచ్చాయి. కాగితం రాసిచ్చాను. చేర్చుకున్నారు. ముందు పళ్ళు మాత్రం ఆ తర్వాత ఎన్నో నెలలకు గాని రాలేదు. అన్నాళ్ళూ ఆ పిల్లవాడు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు.

ఆ ఏళ్ళలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. హెడ్మాస్టరు చెంచా, టార్చిలైటు పట్టుకుని వెనక పన్ను చూస్తున్నాడన్న కబురు గూడేలకు పాకింది. అది వస్తేనే సీటు. తల్లులు ఇంట్లోనే పిల్లల నోట్లో వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టారు. దానికి బడిపల్లు అని పేరు పెట్టారు. అది పుచ్చితే, నొప్పి పుడితే, సంతలో పళ్ళు పీకేవాడి దగ్గరకు తీసుకెళ్ళడం మానేసి నా దగ్గరకు తెచ్చి, "ఇది బడిపల్లమ్మా, తియ్యొద్దు, నింపున్రి" అనేవారు. ప్లాస్టర్ దవడ పట్టుకుని నేను చెప్పిన పాఠాలు చేయలేని పని ఒక బడి సీటు చేసింది. దాన్ని నా విజయంగా ఎక్కడా రాసుకోలేదు, నెలవారీ నివేదికలో పిల్లల ఫిల్లింగుల గడి నిండడం మాత్రం సూపరింటెండెంట్ గారు గమనించారు.

అక్కడ ఆరేళ్ళు పనిచేశాను. తర్వాత మరో మూడు చోట్ల పనిచేసి రిటైరయ్యాను. ఆ అట్ట ఆ జూన్ ఆఖరికే తీసేశాను. పళ్ళు తీయకూడదని రాసిన అట్టా, అడిగితే తీసేసిన నా చెయ్యీ, రెండూ ఒకటే తప్పు చేశాయి. నాగేశుకు తండ్రి మాట విని తీశాను, లచ్చికి తండ్రి మాట వినకుండా పంపేశాను. రెండుసార్లూ నోరు తెరిపించి సరిగా చూడలేదు. ఆ తర్వాత ఉద్యోగం ముగిసేదాకా ఏ బిడ్డ విషయంలోనైనా, అవునన్నా కాదన్నా, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం పెట్టి, వెనక వరస దాకా చూసి, ఆ తర్వాతే నోరు విప్పాను.